వణుకుజబ్బునకు కొలబద్ద

వ్యాయామమువలన పార్కిన్‌సన్ రోగి బ్రతుకు మెరుగగునా? దీనిని కొలుచుటకు వైద్యపరిశోధకులు తరచుగా వాడునది 1995లో ఆక్స్‌ఫర్డువారు ప్రకటించిన 39 ప్రశ్నల పట్టిక. గడచిన నెలలో తన అవస్థను రోగియే 'ఎన్నడును లేదు' మొదలు 'ఎల్లప్పుడును' వరకు 5 మెట్లలో చెప్పవలెను. చేతి వణుకు డాక్టరు కంటికి కనబడును. దిగులు రోగి చెప్పినగాని తెలియదు. అందుకై 6 ప్రశ్నలుంచుట ఈ పట్టిక గొప్పతనము. ఈ దిగులు జబ్బు వచ్చెనను విచారము మాత్రమే కాదు. మెదడులోని రసాయనముల మార్పును కారణమే.

2023లో కోక్రేన్ సమీక్ష 150కి పైగా పరీక్షలను పరిశీలించి, వ్యాయామము కదలికలకును జీవనసౌఖ్యమునకును మేలుచేయునని, రకముల నడుమ భేదము స్వల్పమని చెప్పినది. ఆ సౌఖ్యమును కొలిచినది చాలచోట్ల ఇట్టి పట్టికలే.

అయితే ఒక ప్రశ్న చూడుడు: ఆహారమును కోసికొనుట కష్టమైనదా? కత్తితో కోసి తిను దేశమున మంచి ప్రశ్నయే. కర్నూలు, కడప పల్లెలలో సంగటి తిను పెద్దాయన కష్టము వేరు: ముద్ద విరిచి, పులుసులో అద్ది, నోటికి చేర్చుట. ఆయన 'ఎన్నడును లేదు' అనును, అబద్ధము కాదు. బొత్తాముల, బూటులేసుల ప్రశ్నయు పంచె కట్టువానికి అంతే. కుచ్చెళ్లు పోయుటను అడుగవలెను. మొదటనే సున్న వచ్చినచో, ఆరునెలలు నడచినను మెరుగు ఎట్లు కనబడును? కొలబద్ద సున్నకు క్రిందికి దిగదు గదా!

నలుగురిలో తినుట, త్రాగుట మానుకొంటిరా అను ప్రశ్న మాత్రము మన పెండ్లిబంతిలోను సూటిగా తగులును.