ఏటిగట్టు మీద మిగిలిన కుక్క

వరదలోంచి బయటపడ్డ కుక్కను తెచ్చి పెంచడమూ, అప్పుడే కళ్లు తెరిచిన కూనను తెచ్చి పెంచడమూ ఒకటి కాదు. కూనకు లోకం ఇంకా తెలియదు. వరద చూసిన కుక్కకు తెలుసు, తెలిసినంతలో అది నమ్మదగ్గది కాదు. ఆషాఢ శ్రావణాల్లో ఎర్రనీరు వచ్చి తీసిన తర్వాత గోదావరి గట్ల మీద ఇలాంటి కుక్కలు కనిపిస్తాయి. జాలిపడి ఇంటికి తెచ్చుకున్నవారు వారం తిరక్కుండా అనే మాట ఒకటే: ఎంత ముద్దు చేసినా మంచం కిందనుంచి రావట్లేదండీ. ఈ వారమూ అదే మాట వినబడింది. ఆ ముద్దులోనే ఉంది చిక్కంతా.

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. 1986 ఆగస్టులో అక్కడ 35 లక్షల క్యూసెక్కుల నీరు దాటింది. 2022 జూలైలో 25 లక్షలకు పైగా వచ్చింది. లంకల్లో పిల్లల్నీ ముసలివాళ్లనూ ముందు పడవెక్కిస్తారు, గేదెల్ని గట్టుకు తోలతారు. కుక్క దగ్గరికి వచ్చేసరికి పడవలో చోటుండదు. కొంతదూరం ఈదుతూ వెంటపడుతుంది. తర్వాత ఏ మెరక దొరికితే అక్కడ నిలబడిపోతుంది.

ఆ నీళ్లు కుక్క మనసులో ఎంతకాలం ఉంటాయన్నది నూరేళ్ల కిందటే పరిశీలనకు వచ్చింది. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్‌ను వరద ముంచింది. గంట మోగితే లాలాజలం ఊరే కుక్కలని బడిపుస్తకాల్లో చదువుకున్నవి ఇవాన్ పావ్లోవ్ కుక్కలే. అవి ఆ రోజు గదుల్లో చిక్కుకుపోయాయి. పనివాళ్లు వాటిని నీళ్లలో ఈదించుకుంటూ ప్రయోగశాల భవనానికి చేర్చారు. ప్రాణాలు దక్కాయి. కానీ కొన్ని కుక్కలు అంతకుముందు నేర్చినదంతా మరిచిపోయినట్టు ప్రవర్తించాయి. తిండి పెడతామన్న గుర్తు ఇచ్చినా కదిలేవి కావు. బాగా పిరికిదైన ఒక కుక్క విషయంలో పనిచేసిన ఉపాయం చాలా చిన్నది. దానికి అలవాటైన మనిషి అదే గదిలో ఊరికే కూర్చున్నాడు. మెల్లగా పాత అలవాట్లు తిరిగొచ్చాయి. ఇక కోలుకుందనుకున్నాక ఒకరోజు తలుపు కిందనుంచి సన్నని నీటిధార లోపలికి వదిలారు. అంతే, కుక్క మళ్లీ బెదిరి మొదటికొచ్చింది.

ఆ నీటిధార గోదావరి జిల్లాల్లో రోజూ తెల్లవారుజామునే పారుతుంది. బకెట్టు చప్పుడు, చీపురు చప్పుడు, వాకిట్లో కళ్లాపి. అరుగు వారగా పడుకున్న కుక్క కాలివేళ్లకు ఆ నీళ్లు తగిలీ తగలకముందే లేచి, తోక కడుపులోకి ముడిచి, గోడకు అతుక్కుపోతుంది. నిద్ర రాకుండానే ఆవలిస్తుంది, ఎదుట తిండి లేకుండానే మూతి నాక్కుంటుంది, తల తిప్పుకుని ఓరగా చూస్తుంది. ఇవన్నీ భయానికి గుర్తులు. ఆ సమయంలో దగ్గరికి తీసుకుని తల నిమిరితే దానికి అది ఓదార్పు కాదు, పట్టుకోవడానికి వచ్చిన మరో చెయ్యి.

కాబట్టి మొదటి పని, కళ్లాపి నీళ్లూ నూతి దగ్గర నీళ్లూ చేరని మూల ఒకటి చూసి గోనెసంచి పరవడం. పెరుగన్నమో, ఉడికించిన గుడ్డో రోజూ ఒకే వేళకు, ఒకే గిన్నెలో పెట్టి ఇవతలికి వచ్చేయాలి. ఒక మనిషి కాస్త దూరంలో, దానివైపు చూడకుండా, చిక్కుడుకాయలు ఒలుచుకుంటూనో పేపరు చదువుకుంటూనో రోజూ కూర్చుంటే చాలు. పిలవకూడదు. అదే వస్తుంది, కొన్నింటికి మూడు రోజులు, కొన్నింటికి మూడు నెలలు. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పి ఉంచాలి.

పశువుల ఆసుపత్రికి మాత్రం ఆలస్యం పనికిరాదు: రేబిస్ టీకా, పురుగుల మందు, పిడుదులకు మందు. కరిచినా రక్కినా పుండును పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పారే నీళ్లతో కడిగి, ఆ రోజే మనుషుల ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టాలి. కుక్క ఆరోగ్యంగా కనిపిస్తోందని ఆగకూడదు.

గొలుసు గురించి ఈ శీర్షికలో ఎన్నిసార్లు వచ్చిందో పాత పాఠకులకు తెలుసు. కుక్కను రాత్రింబవళ్లు కట్టేయడం క్రూరమన్న మాటలో మార్పు లేదు. అయితే ప్రహరీ లేని ఇంట్లో, ఉరుము ఉరిమితే పరిగెత్తే కుక్కకు తొలి వారాల్లో పొడుగుపాటి తాడు తప్పదు. బెదిరి పారిపోయిన కుక్క మళ్లీ చేతికి చిక్కదు.

ఇంతవరకూ చెప్పినది, కుక్కను తెచ్చుకోవడం మంచిదేనన్న లెక్క మీద. లంక కుక్క విషయంలో ఆ లెక్కనే మళ్లీ చూసుకోవాలి. గట్టు మీద ఒంటరిగా కనబడినంత మాత్రాన అది దిక్కులేనిది కాదు. దాని మనుషులు పునరావాస కేంద్రంలో ఉంటారు. నీరు తీయగానే తిరిగొచ్చి ఇళ్లలో బురద ఎత్తిపోసుకుంటూ, కుక్క ఏమైందని అడుగుతారు. అప్పటికది రాజమండ్రిలో ఎవరి మంచం కిందో ఉంటుంది. ఎవరి ఇంటిదీ కాని వీధికుక్క విషయంలోనూ 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు చెప్పేది ఇలాంటిదే: ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. అలవాటైన మనిషి పక్కన ఊరికే కూర్చుంటేనే కుదుటపడే ప్రాణికి, తెలిసిన లంకను మించిన మందు ఏ కొత్త ఇంట్లో దొరుకుతుంది?

కుక్కను గట్టు దాటించకుండా, ఉన్నచోటే తిండీ నీళ్లూ పెట్టడం మేలు. దెబ్బ తగిలితే వైద్యం చేయించి, కుదుటపడేదాకా ఉంచుకోవచ్చు. పడవలు మళ్లీ తిరగడం మొదలయ్యాక రేవులో ఆ కుక్క రంగూ, ఆపరేషన్‌కు గుర్తుగా చేసే చెవి కత్తిరింపు ఉందో లేదో చెప్పి, ఎవరిదని అడగాలి. పడవవాళ్లకు లంకలో ఏ కుక్క ఎవరి వాకిట్లో పడుకుంటుందో తెలుసు. రెండు మూడు వారాలు అడిగినా ఎవరూ రాకపోతే, అప్పుడు గోనెసంచి పరవాలి.