ఉప్పుగాలిలో బ్రేకు నూనె

హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులున్న సైకిలు కొన్నవాళ్ళు ముందుగా అడిగేది, ఎన్ని కిలోమీటర్లకు ఒకసారి ఆయిల్ మార్చాలి అని. ఇది మోటారుసైకిలు ఇంజను ఆయిల్ దగ్గర నేర్చుకున్న లెక్క. ఇంజను తిరిగేకొద్దీ దాని ఆయిల్ అరుగుతుంది కాబట్టి అక్కడ కిలోమీటర్లు సరిపోతాయి. బ్రేకు నూనె అలా కాదు, సైకిలు గోడకు ఆనించి ఉన్నా పాడవుతూనే ఉంటుంది. మూలపేట, భావనపాడు, నౌపడ, వజ్రపుకొత్తూరు లాంటి సముద్రతీరపు ఊళ్ళలో అయితే ఇంకాస్త తొందరగా పాడవుతుంది. ఉద్దానం తీరంలో సైకిలు బ్రేకు నూనెను ఏడాదికోసారి, క్యాలెండరు చూసుకుని మార్చాలన్నది నా వాదన. లీవరు మెత్తబడ్డాక చూద్దాంలే అనుకునే పద్ధతి ఈ ఉప్పుగాలికి పనికిరాదు. పిల్లలకు కొనిపెడుతున్న డిస్క్ సైకిళ్ళలో చాలావాటికి లోపల ఉండేది తీగే. వాటిలో నూనె ఉండదు కాబట్టి నా మాట వాటికి వర్తించదు. లీవరు దగ్గర చిన్న నూనె డబ్బా ఉండి, అక్కడినుంచి చక్రం దాకా మూసిన గొట్టం వెళ్తే అది హైడ్రాలిక్ బ్రేకు.

ముందు గాలి సంగతి చూడాలి. సంతబొమ్మాళి మండలంలో ఉప్పుమడులు ఊరికే వెలవలేదు. పోటుకు లోపలికొచ్చే సముద్రపు నీరు, పల్లపు నేల, ఎండ, ఎడతెగని గాలి కలిస్తేనే ఉప్పు పండుతుంది. సైకిలు నిలబడేది కూడా ఆ గాలిలోనే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే మామూలు ఉప్పు తనంతట తానే చెమ్మ లాక్కుని కరుగుతుంది. వానాకాలం పొద్దుటిపూట తీరంలో తేమ ఆ గీత దాటడం మామూలే. కాబట్టి చక్రం దగ్గర బ్రేకు పట్టే కాలిపర్ మీద పేరుకున్న సన్నని ఉప్పుపొర రాత్రి తడిసి పగలు ఆరుతూ ఉంటుంది. తడిసినప్పుడల్లా అల్యూమినియం కాలిపర్‌కూ దానిలో బిగించిన ఉక్కు బోల్టుకూ నడుమ తినివేత సాగుతుంది. నూనె, గాలి బయటికి తీసే బ్లీడ్ నిప్పల్‌ను మూడేళ్ళు కదపకపోతే అది చివరకు పానాకు లొంగకుండా విరిగేది అందుకే. 2023 ఏప్రిల్ 19న మూలపేట పోర్టుకు శంకుస్థాపన జరిగింది. ఆ పోర్టు నిర్మాణపు లారీలు తిరిగే దారుల్లో ఈ ఉప్పుకు దుమ్ము కూడా తోడవుతుంది. కాలిపర్‌లో ముందుకూ వెనక్కూ కదిలే పిస్టన్ పక్కల అంటుకునేది ఈ రెండూ కలిసిన ముద్దే.

ఇక లోపలి సంగతి. మూసిన ద్రవం మీద ఒకచోట పెట్టిన ఒత్తిడి అన్నివైపులకూ సమానంగా చేరుతుందని పదిహేడో శతాబ్దంలో బ్లేజ్ పాస్కల్ చెప్పిన సూత్రం మీదే ఈ బ్రేకు నడుస్తుంది. ద్రవం దాదాపు నలగదు కాబట్టి రెండు వేళ్ళ బలం డిస్క్‌ను నొక్కే ప్యాడ్ల దాకా చెక్కుచెదరకుండా చేరుతుంది. గట్టిగా బ్రేకు పట్టినప్పుడు గొట్టంలో ఒత్తిడి వాతావరణ పీడనానికి 50 రెట్లయిందనుకుందాం. అప్పుడు 1 మిల్లీలీటరు గాలి 0.02 మిల్లీలీటరుకు కుంచించుకుపోతుంది. అంతే నూనె అయితే నూటికి అర వంతు కూడా తగ్గదు. లీవరు ఒకసారి నొక్కితే కదిలే నూనె సుమారు ఆ ఒక్క మిల్లీలీటరే. అంటే అంత గాలి పడితే మన బలమంతా గాలిని నలపడానికే ఖర్చవుతుంది, ప్యాడ్లు కదలవు. లీవరును రాత్రంతా రబ్బరుబ్యాండుతో కట్టి ఉంచితే తెల్లారేసరికి గట్టిపడుతుందనే చిట్కా ఒకటుంది. గట్టిపడే మాట నిజమే. బుడగలు కొన్ని పైకి చేరతాయి, కొన్ని నూనెలో కరుగుతాయి. అయితే గాలి బయటికి పోలేదు. సైకిలును తలకిందులు చేసి పంక్చరు వేస్తే చాలు, డబ్బాలో చేరిన గాలి మళ్ళీ గొట్టంలోకి దిగుతుంది. ఆ పొద్దుటి గట్టిదనాన్ని నమ్ముకుని రోడ్డెక్కడం ప్రమాదం.

మూసిన గొట్టంలోకి నీరెలా వస్తుందని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. రబ్బరు సీళ్ళు, గొట్టాలు నూనెను ఆపుతాయి గానీ నీటి ఆవిరిని పూర్తిగా ఆపలేవు. అది అణువణువుగా, నెలల తరబడి లోపలికి చేరుతుంది. సైకిలు బ్రేకుల్లో వాడే నూనెలు రెండు రకాలు. మొదటిది డాట్. వానాకాలంలో మూతతీసిన ఉప్పుజాడీ చెమ్మ పీల్చినట్టు ఇది తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. అందులో 3.7 శాతం నీరు చేరాక ఆ ప్రమాణమే 155కు దిగుతుంది. రెండోది మినరల్ ఆయిల్. షిమానో, మగురా, టెక్ట్రో వాడేది ఇదే. ఇది నీటిని పీల్చదు కాబట్టి మార్చనక్కరలేదని చాలామంది ధీమా. ఆ ధీమాలో సగమే నిజం. నూనె పీల్చని నీరు మాయమైపోదు, నూనెకన్నా బరువు కాబట్టి జారి అట్టడుగుకు చేరుతుంది. ఆ అట్టడుగే కాలిపర్, బ్రేకు మొత్తంలో ఎక్కువ వేడెక్కేదీ అదే. అక్కడ చేరిన నీటిబొట్టు 100 డిగ్రీల దగ్గరే ఆవిరి కావచ్చు. అంతదాకా రాకపోయినా లోపలి లోహాన్ని తింటూ కూర్చుంటుంది. మినరల్ ఆయిల్ డాట్ కన్నా ఓపిక గలదే, ఒప్పుకుంటాను. లోతట్టు ఊళ్ళో దానికి రెండేళ్ళ గడువిచ్చినా అభ్యంతరం లేదు. తీరంలో మాత్రం ఏడాదే సరి, ఎందుకంటే నూనె మార్చే వంకతో నిప్పల్ కదులుతుంది, పిస్టన్లు శుభ్రపడతాయి.

టెక్కలి నుంచి మూలపేట దాకా నేల చదునే కదా, బ్రేకు నూనె మరిగేంత వాలు ఎక్కడుంది? ఇది ఇంకో అభ్యంతరం. ఆ చదును మీద మరగదు, నిజమే. కానీ గేర్ల సైకిలు కొన్నవాడు చదును మీదే ఆగడు. మందస వైపు నిలబడితే మహేంద్రగిరి రమ్మని పిలుస్తుంది. ఒడిశాలో ఉన్న ఆ కొండ ఎత్తు 1,501 మీటర్లు. మనిషీ సైకిలూ కలిపి 90 కిలోలనుకుంటే, నిలువునా వెయ్యి మీటర్లు దిగేటప్పుడు వదిలించుకోవలసిన శక్తి దాదాపు 880 కిలోజౌళ్ళు. 30 డిగ్రీల నీళ్ళు మూడు లీటర్లు మరిగించడానికి అంత శక్తి చాలు. కొంత ఎదురుగాలి తీసుకుంటుంది, మిగిలిందంతా అరచేయంత రెండు డిస్క్ ప్లేట్లు, నాలుగు ప్యాడ్లు భరించాలి. ఆ దారిలో ఆవిరిబుడగ పుడితే లీవరు హ్యాండిల్‌కు ఆనుకుంటుంది. ఏడాది పొడవునా ఊళ్ళో చక్కగా పనిచేసిన బ్రేకు అదే.

పని చేసే తీరు కష్టమైనదేమీ కాదు, కాకపోతే వరుస తప్పకూడదు. చక్రం, ప్యాడ్లు ముందే తీసి దూరంగా పెట్టాలి. ఒక్క నూనెబొట్టు పడినా ప్యాడ్లు పీల్చేసుకుంటాయి, ఆ తర్వాత ఎంత కడిగినా నమ్మలేం. ప్యాడ్లు తీశాక బయటికి కనిపించే పిస్టన్ల పక్కలను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే, ఎక్కువమంది వదిలేసేదీ ఇదే. ఉప్పూ దుమ్మూ అంటిన పిస్టన్‌ను అలాగే వెనక్కి నెడితే ఆ గరుకు సీలును గీస్తుంది, కారడం అక్కడ మొదలవుతుంది. తుడిచి నెట్టాక అవి ముందుకు రాకుండా మధ్యలో బ్లీడ్ బ్లాక్ అనే దిమ్మ పెట్టి, లీవరు డబ్బా సమమట్టంగా ఉండేలా హ్యాండిల్ తిప్పుకోవాలి. గాలి పైకి పోతుంది కాబట్టి కింద కాలిపర్ నుంచి సిరంజితో మెల్లగా కొత్త నూనె ఎక్కించి, పాతది పైన లీవరు డబ్బాకు బిగించిన గరాటులోకి రానివ్వడం తేలిక దారి. గొట్టాన్ని వేలితో తడుతూ ఉంటే అంటుకున్న బుడగలు వదులుతాయి. బుడగలు ఆగాక నిప్పల్ బిగించి, లీవరు నొక్కిపట్టి చూడాలి. మెల్లగా లోపలికి జారుతుంటే ఎక్కడో కారుతున్నట్టే. చివర్లో అరుగుదల చూసుకోవాలి. ప్యాడ్ మీద రాపిడి పదార్థం అర మిల్లీమీటరుకు దగ్గరైతే ప్యాడ్లు మార్చాలి. షిమానో డిస్క్ ప్లేటు కొత్తలో 1.8 మిల్లీమీటర్లు ఉంటుంది, 1.5కు అరిగితే దాని పని అయిపోయినట్టే. తుప్పు భయంతో ప్లేటుకు కొబ్బరినూనె రాయాలనిపిస్తుంది, ఉద్దానంలో దానికి కొదవ లేదు కూడా. గొలుసుకు ఏది రాసినా ప్లేటు జోలికి మాత్రం వెళ్ళవద్దు. తీసిన పాత నూనెను ఇసుకలో పారబోయకండి. తాగునీటి బెంగతో బతుకుతున్న నేల ఇది. సీసాలో పట్టి, ఇంజను ఆయిల్ సేకరించే షెడ్డులో ఇవ్వండి.

ఇంత పని తెలిసినవాళ్ళు ఇక్కడ ఎవరున్నారంటే, మోటారుసైకిలు మెకానిక్కులున్నారు. 125 సీసీ దాటిన కొత్త బైకులకు 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరైంది. దాంతో ముందు చక్రానికి డిస్క్ ఉన్న బళ్ళు ఊరూరా తిరుగుతున్నాయి, వాటి బ్రేకుల్లోంచి ఎయిర్ తీయడం వాళ్ళకు రోజువారీ పని. సైకిలుది చిన్న కాలిపర్, చిన్న నిప్పల్, అంతే తేడా. అయితే ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. బైకుల్లో వాడేది డాట్, షెడ్డులో చేతికందేదీ అదే. మినరల్ ఆయిల్‌కు చేసిన సీళ్ళు డాట్ తగిలితే ఉబ్బి చెడిపోతాయి, డాట్ సీళ్ళకు మినరల్ తగిలినా అంతే. ఇది బాగుచేసే తప్పు కాదు, చాలాసార్లు బ్రేకు మొత్తం మార్చాలి. లీవరు మూత మీద ఏ నూనె అని రాసి ఉంటుంది, అది చూపించి మరీ పని చేయించాలి. అలాగే షెడ్డులో సగం వాడి పెట్టిన డాట్ సీసా ఒప్పుకోకూడదు. మూత తీసిన రోజు నుంచే అది తేమ తాగుతోంది. చిన్న సీసా కొత్తది కొనుక్కోవడమే మేలు.

ఇంత తంటా ఎందుకు, పాత రాడ్ బ్రేకు సైకిలే నయం కదా అనేవాళ్ళ మాటను కొట్టిపారేయను. చదును దారిలో కొబ్బరికాయల బస్తా మోసే సైకిలుకు అదే సరైనది. ఏ ఊళ్ళోనైనా బాగవుతుంది, ఉప్పుగాలిని తట్టుకుంటుంది. కానీ ఇనుప రిమ్ము తడిస్తే రబ్బరు కట్టలు జారిపోతాయి. వానలో జాతీయ రహదారి దాటవలసిన పిల్లకు అది చాలదు. ఆమెకు డిస్క్ బ్రేకే కావాలి, ఏడాదికోసారి దాని బాధ్యతా కావాలి.

ఆ ఒక్కసారి ఎప్పుడన్నది తేల్చుకుంటే పని తప్పిపోదు. దసరాకు బళ్ళు కడిగి బొట్లు పెట్టడం మన అలవాటు కాబట్టి అదే మంచి రోజనిపిస్తుంది. కానీ మన తుఫానుల కాలం కూడా అదే. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ మరుసటి ఏడాది అదే తేదీన, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. అప్పుడు కొత్త నూనె పోస్తే వెంటనే తడిసే నెలలు వస్తాయి, సీసా మూత తీసేది కూడా తేమగాలిలోనే. వానలు వెనకబట్టి, గాలి పొడిబారే సంక్రాంతి రోజులు ఇందుకు తగినవి. ఈ సంక్రాంతికి ఇంట్లో హైడ్రాలిక్ బ్రేకు సైకిలుంటే లీవరు మూత మీద రాసింది చదవండి, ఆ రకం నూనె తెప్పించి మార్పించండి, మార్చిన తేదీని ఫ్రేము కింద రాసి పెట్టండి.