ప్రాణరక్షణము, పరిచర్య

హతసాక్షుల కథలు చెప్పువారికి ఒక సులభమార్గము గలదు. ఆ మార్గమున వీరుడు మొదటినుండియు నిర్భయుడు. కత్తి యెత్తినవాడు రాక్షసుడు. ప్రాణము కాపాడుకొమ్మని హితవు చెప్పినవాడు పిరికివాడు. అట్టి కథ విని మనము చేతులు జోడింతుము గాని, మన బ్రదుకునకు దానినుండి తెచ్చుకొనునది స్వల్పము. గ్జావియే బోవ్వా దర్శకత్వమున 2010లో వెలువడిన ఫ్రెంచి చలనచిత్రము ‘దే జొమ్ ఎ దే ద్యూ’, అనగా ‘మనుష్యులును దేవతలును’, ఈ సులభమార్గమును విడిచినది. ఆ యేడు కాన్ చలనచిత్రోత్సవమున రెండవ బహుమానమగు గ్రాన్ ప్రీ దానికి లభించెను.

వృత్తాంతము యథార్థము. ఆల్జీరియాలో మెదేయా పట్టణమునకు చేరువను, అట్లాస్ కొండలలో, తిభిరీన్ గ్రామము గలదు. అచ్చట ట్రాపిస్టు సంప్రదాయమునకు చెందిన ఫ్రెంచి సన్న్యాసులు ప్రార్థనయు వ్యవసాయమును సాగించుచు ముస్లిము గ్రామస్థుల నడుమ నివసించిరి. వారిలో లూక్ సోదరుడు వైద్యుడు. 1992లో ఎన్నికలు రద్దయిన పిమ్మట దేశమున అంతర్యుద్ధము రేగెను. 1993 డిసెంబరులో ఆ ప్రాంతమున 12 మంది క్రొయేషియా కార్మికులు వధింపబడిరి. క్రిస్మసు ముందటి రాత్రి సాయుధులు మఠమునకే వచ్చిరి. 1996 మార్చి 26–27 తేదీల నడిమి రాత్రి ఏడుగురు సన్న్యాసులు అపహరింపబడిరి. మే నెలలో వారి మరణవార్త వెలువడెను. చంపినదెవరను వివాదము నేటికిని తీరలేదు. చిత్రము ఆ తీర్పునకు పూనుకొనలేదు, అది వివేకమే.

చిత్రమునకు బలము బల్లచుట్టు కూర్చుండి సోదరులు చేసిన చర్చలలో నున్నది. ప్రభుత్వము సైనికరక్షణ నిచ్చెదనన్నప్పుడు మఠాధిపతి క్రిస్టియన్ తనంత తానే వలదనెను. అందఱి ప్రాణములకు సంబంధించిన మాటను ఒక్కడెట్లు తేల్చునని సోదరులు నిలదీసిరి. మా దృష్టిలో కథకు కీలకమిదియే. తన ప్రాణము నర్పించుట వేఱు. ఇతరుల ప్రాణమును తన విశ్వాసమునకు జామీను పెట్టుట వేఱు. పోవుదమన్నవారిని దర్శకుడు చులకన చేయలేదు. క్రిస్తోఫ్ సోదరుడు రాత్రివేళ దేవుని పిలిచి విలపించును, జవాబు వినరాదు. ఆ భయమును దాచకుండుటచేతనే, తుదకు వారందఱు ఉండుటకే చేసిన నిర్ణయము నమ్మదగినదైనది.

ఉండుటకు కారణమేమి? ఆరాధన యొక్కటియే యైనచో ఫ్రాన్సులోను చేసికొనవచ్చును. చేరిన చోటనే జీవితాంతము నిలుతుమన్న వ్రతము ఒక కారణము. లూక్ వైద్యశాల ముందు కాచుకొనియున్న తల్లులు, పిల్లలు మఱియొక కారణము. సాయుధులు వచ్చి వైద్యుని, మందులను అడిగినప్పుడు, లూక్ వృద్ధుడనియు మందులు గ్రామస్థులకే చాలవనియు మఠాధిపతి నిరాకరించెను. కాని గాయపడిన సాయుధుని మఠమునకు తెచ్చినప్పుడు లూక్ చికిత్స చేసెను. బెదిరింపునకు మందు దొరకలేదు, గాయమునకు దొరకెను. ఆరాధనయు పరిచర్యయు ఒకటే యని ఉపన్యాసము లేకయే ఈ రెండు దృశ్యములు చెప్పుచున్నవి. లూక్ పాత్రలో మైకేల్ లాన్స్‌డేల్ నటన అలసటను, పరిహాసమును, దయను ఒక్క ముఖమున చూపినది.

లోపములు లేకపోలేదు. తుది భోజనమున చైకోవ్‌స్కీ ‘హంస సరోవర’ సంగీతమును వినిపించి, ఒక్కొక్క ముఖమును దగ్గఱగా చూపినప్పుడు, అంతవఱకు సంయమము పాటించిన దర్శకుడు మన కన్నీటిని అడిగి పుచ్చుకొన్నట్లు తోచును. తలపై హెలికాప్టరు రొద చేయుచుండగా సోదరులు భుజములు కలిపి కీర్తన పాడు దృశ్యము ఇంతకన్న మిన్న. మఱియొక లోపము ఇంకను పెద్దది. ఆ యుద్ధమున మరణించిన ఆల్జీరియనుల సంఖ్య లక్ష దాటెనని అంచనాలు గలవు. పోవుటకు ఫ్రాన్సు గల సన్న్యాసులు తమ ప్రాణమును తూచుకొనుట చూచితిమి. పోవ చోటు లేని గ్రామస్థులు దేనిని తూచుకొనిరో చిత్రము తగినంత చూపలేదు.

2018 డిసెంబరు 8న ఓరాన్ నగరమున కతోలిక సంఘము ఈ ఏడుగురిని ధన్యులుగా ప్రకటించెను. సంఘమిచ్చిన గౌరవ మట్లుండగా, పరభాషా ప్రాంతములలో తరతరములుగా ఇరుగుపొరుగువారితో కష్టసుఖములు పంచుకొనుచున్న మనకు ఈ చిత్రము చెప్పునది వేఱొకటి గలదు. ప్రాణము కాపాడుకొనుట పాపము కాదు. అయినను, లేచిపోవుటకు ముందు, మన వెనుక ఎవరి వాకిలి చీకటియగునో అడిగి తెలిసికొనవలెను. ఆ ప్రశ్న నడిగిన పిమ్మట ఉన్నవాడును పోయినవాడును గౌరవార్హులే.