చెత్తబుట్టకు చేరకముందే

ఖాళీ అగ్గిపెట్టే, నీకు దండం. పుల్లలన్నీ అయిపోయాకే పిల్లలకు నీతో పని మొదలవుతుంది. రెండు అరలకు చిల్లు పొడిచి దారం ముడివేస్తే, వీధి ఆ చివర అన్న గుసగుస ఈ చివర చెల్లి చెవిలో పలుకుతుంది. దారం బిగువుగా ఉన్నంతసేపే సుమా! సడలిందా, మాట ఆగిపోతుంది. మధ్యలో ఎవరైనా వేళ్లతో పట్టుకున్నా అంతే. శబ్దమంటే కంపనమని పుస్తకంలో చదవకముందే పిల్లలు దాన్ని వేలికొసన ముట్టుకుంటారు.

ముంజలు తీసిన తాటికాయా, నీకూ దండం. రెండు బుర్రల నడుమ ఇరుసుగా ఓ పుల్ల, నెట్టడానికి ఓ పంగలకర్ర. ఇక ఊరి డొంకంతా నీ రాజ్యమే. ఇరుసు వంకరగా దిగితే బండి పక్కకు లాగుతుంది. పిల్లవాడు ఆగుతాడు, పుల్ల పీకుతాడు, సరిచూసి మళ్లీ గుచ్చుతాడు. తప్పెక్కడుందో బండే చెప్పింది, ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

పేళ్లు గుచ్చితే కళ్లజోడయ్యే జొన్నబెండూ, ఏరువాక పున్నమికి ఎడ్లయ్యే బంకమట్టీ, తుమ్మముల్లు మొన మీద గిరగిరా తిరిగే తాటాకూ! మీకూ దండం. గాలి లేకుంటే పరుగెత్తి పుట్టించుకోమని నేర్పింది ఆ తాటాకే.

ఇలాంటి ఆటవస్తువులు బడిలోకీ నడిచాయి. మధ్యప్రదేశ్‌లోని అప్పటి హోషంగాబాద్ జిల్లాలో 1972లో 16 బడుల్లో ఓ విజ్ఞాన బోధన కార్యక్రమం మొదలైంది. 1978లో పుణెలోని లారీల కంపెనీ ఇంజినీరు ఒకాయన సెలవు పెట్టి అక్కడికి వెళ్లాడు. ఆయన అరవింద్ గుప్తా. సైకిల్ వాల్వు రబ్బరు గొట్టాన్ని చిన్న ముక్కలుగా కోసి, వాటితో అగ్గిపుల్లల కొసలు కలిపాడు. నాలుగు పుల్లల చతురస్రాన్ని నొక్కితే ఒరిగిపోతుంది. మూడు పుల్లల త్రిభుజం ఎంత నొక్కినా కదలదు. ఆరు పుల్లలుంటే నాలుగు త్రిభుజాల గోపురం లేస్తుంది. ఆ గోపురం కట్టిన పిల్లను రాజమండ్రి తీసుకెళ్లండి. గోదావరి మీద 1974 నుంచి రైళ్లనూ బస్సులనూ మోస్తున్న వంతెన ఇనుప కమ్ములకేసి చూసి, తన త్రిభుజాలను తనే ఏరుకుంటుంది. 2018లో గుప్తాకు పద్మశ్రీ వచ్చింది. ఆ గౌరవంలో వాల్వు ట్యూబుకూ వాటా ఉందని నా నమ్మకం.

తాగి పారేసే స్ట్రాకూ గొంతుంది. కొసను పళ్లతో చదును చేసి, రెండు పక్కలా ఏటవాలుగా కత్తిరించి ఊదితే సన్నాయి. ఊదుతూనే రెండో కొసను కత్తెరతో కురచ చేస్తూ పోతే శ్రుతి పైపైకి లేస్తుంది. అప్పుడు పిల్లల మొహాలు చూడాలి!

బజారులో అందమైన పెట్టెల్లో కిట్లు దొరుకుతాయి. చాలావాటిలో అచ్చుపోసిన ముక్కలు ఒక్క తీరుగానే అతుకుతాయి. ఆట ఒక పూటతో సరి. పాత చెప్పుల పెట్టెకు, అట్టముక్కకు, చిరిగిన గొడుగు ఊచకు అలాంటి హద్దు లేదు. అవి ఏమవుతాయో నిర్ణయించే హక్కు పూర్తిగా పిల్లలదే. ఆ హక్కే నాకు అన్నిటికన్నా విలువైనది.

అందుకే అమ్మలారా, నాన్నలారా, పంతులమ్మలారా! సీసా మూతలు, పెన్ను రీఫిళ్లు, పెళ్లిపత్రికలు, దారపు కండెలు ఓ డబ్బాలో వేసి పిల్లలకు అందేచోట పెట్టండి. కత్తెర పట్టినప్పుడు పక్కనే కూర్చోండి. వంకరగా అతికిస్తే అతికించనివ్వండి. మీ చెయ్యి మాత్రం పెట్టకండి.