విప్పకుండానే చెప్పే చేతులు

ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో మోటార్‌సైకిల్‌కు మూడేళ్లు నిండాక ఏటా ఎంఓటీ అనే భద్రతా పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష చేసే పనివాడి నేర్పు నాకు ముచ్చటగా ఉంటుంది. ఎందుకంటే అతను బండిలో ఒక్క భాగాన్నీ విప్పకూడదు. నాడి పట్టే వైద్యుడిలా చాలావరకు కన్ను, చెవి, వేళ్లతో తేల్చాలి.

ముందు చక్రాన్ని నేల నుంచి లేపి హ్యాండిల్‌ను ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పుతాడు. మధ్యలో ఎక్కడైనా పట్టేసినట్టు తగిలిందా, స్టీరింగ్ బేరింగ్ అరిగిందన్నమాట. ఫోర్కుల్ని పట్టుకుని ముందుకూ వెనక్కూ కదిపితే వదులు తెలిసిపోతుంది. చక్రం తిప్పి చెవి ఒగ్గుతాడు. రోజూ ఆ బండే నడిపే యజమానికి వినపడని రొద అతనికి వినపడుతుంది!

ఇంతా చేస్తే, ఎక్కువ బండ్లు తప్పేది లైట్ల దగ్గరే. తర్వాత బ్రేకులు, టైర్లు. 1986 ఏప్రిల్ 1 నుంచి వాడకంలోకి వచ్చిన బండికి చేతి బ్రేకు నొక్కినా, కాలి బ్రేకు తొక్కినా వెనక ఎర్రలైటు వెలగాలి. 50 సీసీ దాటిన బండి టైరుకు నేలను తాకే పట్టీ వెడల్పులో ముప్పాతిక మేర గాడి కనీసం 1 మిల్లీమీటరు లోతుండాలి. 2018 మే నుంచి లోపాలను ప్రమాదకరం, పెద్దది, చిన్నది అని విడదీస్తున్నారు. మొదటి రెండింటిలో ఒక్కటున్నా ఫెయిలే.

మన దగ్గర సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. అప్పటిదాకా పొగ పరీక్ష తప్ప ఏటేటా ఇలాంటి తనిఖీ లేదు. కాబట్టి ఈ ఆదివారం రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి, వెనక లైటు వెలుగుతోందో లేదో ఇంట్లోవాళ్లను చూడమనండి.