గుడ్డులో గుండె, తల్లి మీద నింద

ఈ వారం ఒక పిల్లల ఆసుపత్రి వరండాలో చెవిన పడిన మాట ఈ కాలమ్‌ను కుదురుగా ఉండనివ్వలేదు. ఒక అమ్మాయి ఒళ్లో మూడు నెలల బిడ్డ, చేతిలో ఎకో రిపోర్టు, పక్కన అత్తగారు. ‘‘గ్రహణం పూట కత్తిపీట ముట్టుకోవద్దమ్మా అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను, విన్నావా?’’ బిడ్డ గుండెలో కింది గదుల మధ్య గోడకు చిల్లు ఉందని డాక్టరు చెప్పి పావుగంట కూడా కాలేదు. అమ్మాయి బదులు చెప్పలేదు. రిపోర్టును మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

పుట్టే ప్రతి వెయ్యి మంది పిల్లల్లో ఎనిమిది తొమ్మిది మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. ఏ ఇంట్లోనైనా ముందు వేలు చూపేది తల్లివైపే. గ్రహణంలో బయటికొచ్చింది, బొప్పాయి తిన్నది, బరువులెత్తింది. దీని మీద ఈ శీర్షికకు ఉన్న కోపం పాత పాఠకులకు కొత్త కాదు. ఈసారి ఆ తల్లి తరఫున సాక్ష్యానికి కోడిగుడ్డును పిలవక తప్పదు.

గుండె ఎలా తయారవుతుందో మనిషి మొదట చూసింది గుడ్డులోనే. పొదిగిన గుడ్లను రోజుకొకటి చొప్పున పగలగొట్టి చూసిన అరిస్టాటిల్, మూడు పగళ్లు మూడు రాత్రులు గడిచాక తెల్లసొనలో ఒక నెత్తుటి చుక్క ప్రాణమున్నట్టు కదులుతుందని రాశాడు. రక్తప్రసరణ గుట్టు విప్పిన విలియం హార్వీ 1628 నాటి పుస్తకంలోనూ అదే ఎర్రచుక్క కనిపిస్తూ మాయమవుతూ ఉంటుంది. నిజానికి గుండె అంతకంటే ముందే, పొదగడం మొదలైన ఒకటిన్నర రోజుకే కొట్టుకోవడం మొదలుపెడుతుంది. సూక్ష్మదర్శిని లేని కంటికి అది ఆనదు, అంతే.

ఇప్పటి ప్రయోగశాలలో ఈ పని చూడముచ్చటగా ఉంటుంది. గుడ్డును పక్కకు పడుకోబెట్టి, మొద్దు కొస దగ్గర చిన్న బెజ్జం చేసి, సిరంజితో కాస్త తెల్లసొన లాగేస్తారు. పిండం పెంకును వదిలి కిందికి దిగుతుంది. పెంకు మీద టేపు అంటించి, వంపు కత్తెరతో చిన్న కిటికీ కోస్తారు. పచ్చసొన మీద పిండం దాదాపు గాజులా ఉంటుంది, కంటికి చిక్కదు. అందుకని దాని అడుగున ఒక చుక్క నల్ల సిరా ఎక్కిస్తారు. నలుపు మీద తెల్లగా వెన్ను గీత తేలుతుంది, దాని పక్కనే కుడివైపుకు వంగుతున్న గొట్టం ఒకటి తపతపా కొట్టుకుంటూ కనిపిస్తుంది. నాలుగు గదులూ గోడలూ కవాటాలూ ఆ గొట్టంలోంచే రావాలి. చూడడం అయ్యాక కిటికీని టేపుతో మూసి గుడ్డును మళ్లీ వెచ్చటి పెట్టెలో పెడితే పిండం తన పని తాను చేసుకుపోతుంది.

1983లో అమెరికాలోని జార్జియా మెడికల్ కాలేజీలో మార్గరెట్ కర్బీ బృందం ఇలాంటి కిటికీలోంచే ఒక పని చేసింది. పిండం మెడ వెనుక, వెన్ను గొట్టం అంచున ఉండే కొన్ని కణాలను అవి కదలకముందే తీసేసింది. గుండె జోలికి పోలేదు. అయినా ఆ కోడిపిల్లల గుండె నుంచి రెండు రక్తనాళాలు రావలసిన చోట ఒక్కటే వచ్చింది. బృహద్ధమని, ఊపిరితిత్తుల ధమని విడిపోనే లేదు. మన పిల్లల డాక్టర్లు ట్రంకస్ ఆర్టీరియోసస్ అనే లోపం సరిగ్గా ఇదే. మెడ వెనుక పుట్టిన కణాలు అంత దూరం నడిచొచ్చి గుండె గుమ్మంలో అడ్డుగోడ కడతాయి. ఆ నడక ఊహ కాదు. నికోల్ లెదువారెన్ 1969లోనే కౌజుపిట్ట కణాలను కోడి పిండంలో అతికించి, వాటి కేంద్రకంలోని గుర్తును బట్టి ఏ కణం ఎక్కడికి పోయిందో పట్టుకునే పద్ధతి నేర్పింది. థైమస్, పారాథైరాయిడ్ గ్రంథులు ఏర్పడడానికీ ఈ కణాల సాయం కావాలి. 22వ క్రోమోజోములో ఒక ముక్క లోపించి పుట్టే పిల్లలకు గుండె జబ్బు, కాల్షియం తగ్గడం, తరచూ ఇన్ఫెక్షన్లు ఎందుకు కలిసి వస్తాయో అలా కొంత అర్థమైంది.

ఇందులో ఈ కాలమ్‌కు అన్నిటికంటే విలువైన సంగతి, గుడ్డులో తల్లి లేకపోవడం. పెట్ట గుడ్డు పెట్టి వెళ్లిపోయింది, మిగిలిందల్లా వెచ్చదనం. గుండె తప్పినా ఒప్పినా పెంకు లోపలి కణాల మధ్యే తేలుతుంది. వాదన ఇక్కడితో ముగించి, అత్తగారి ముందు గుడ్డు పెట్టి లేచిపోవచ్చు.

అయితే మనిషి బిడ్డ పెంకులో పెరగడు. అందుకే తల్లి కడుపులో పెరిగే ఎలుకను కూడా పట్టించుకోక తప్పదు.

పిట్స్‌బర్గ్‌లో సిసీలియా లో బృందం మగ చిట్టెలుకలకు జన్యువులను అక్కడక్కడా చెడగొట్టే రసాయనం ఎక్కించి, వాటి సంతతిలో కడుపులో ఉన్న పిల్లల గుండెను అల్ట్రాసౌండ్‌తో చూసింది. అలా చూసిన పిల్లలు 87,355. దాగి ఉన్న దోషం బయటపడాలంటే అది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండుసార్లు రావాలి. అందుకని తండ్రి ఎలుకను దాని కూతుళ్లతోనే జత కట్టించారు. 2015లో వెలువడిన ఫలితాల్లో 61 జన్యువులు తేలాయి, సగానికి పైగా సీలియా అనే అతి సన్నని కణ రోమాలకు చెందినవి. మేనరికాల మీద ఈ శీర్షిక ఏళ్లుగా పోరేది ఇందుకే. ఒకే తాత నుంచి దిగిన దోషం బావ వైపు నుంచీ మరదలి వైపు నుంచీ వచ్చి ఒకే బిడ్డలో కలవచ్చు. అప్పుడు కూడా నింద తల్లి ఒక్కదానిది కాదు.

అదే ఏడాది సెయింట్ లూయిస్ నుంచి వచ్చిన ఇంకో పరిశోధన అంత తేలిగ్గా మింగుడుపడదు. ప్యాట్రిక్ జే బృందం ఎన్‌కేఎక్స్2-5 అనే గుండె జన్యువు ఒక ప్రతి చెడిన ఎలుకలను తీసుకుంది. వయసు మళ్లిన తల్లులకు పుట్టిన పిల్లల్లో గుండె గోడ చిల్లులు ఎక్కువ. ముసలి అండాలే కారణమనుకుని, చిన్న ఎలుకల అండాశయాలను పెద్ద వాటికీ, పెద్ద వాటివి చిన్న వాటికీ మార్చి చూశారు. ముప్పు అండం వయసు వెంట పోలేదు, మోసిన తల్లి వయసు వెంట పోయింది. ఆ వయసు మళ్లిన తల్లులకు పరుగుచక్రం ఇస్తే పిల్లల్లో ముప్పు తగ్గింది. 2017లో సిడ్నీలో శాలీ డన్‌వుడీ బృందం చెప్పింది కూడా ఈ కోవదే. కొన్ని కుటుంబాల్లో ఒక జన్యులోపం వల్ల శరీరంలో ఎన్ఏడీ అనే పదార్థం తక్కువై, పిల్లల గుండె, వెన్నుపూసలు దెబ్బతింటున్నాయి. అదే లోపమున్న ఎలుకల్లో తల్లికి మేతతో పాటు బీ3 విటమిన్ అందితే పిల్లలు మామూలుగా పుట్టాయి. దీన్ని చదివి గర్భిణులందరికీ బీ3 మాత్రలు కొనడం తగదు. ఎలుకకు చెల్లినది మనిషికి చెల్లకపోవచ్చని థాలిడోమైడ్ ఒకసారి నేర్పింది. కుందేలుకూ మనిషికీ తగిలిన దెబ్బ మామూలు ఎలుకకు తగల్లేదు.

కాబట్టి తల్లిని బయట పెట్టి ఈ కథ చెప్పడం కుదరదు. ఆమె చక్కెర, ఆమె తిండి, ఆమెకు సోకిన రుబెల్లా, ఇవన్నీ బిడ్డ గుండె దాకా పోతాయి. ఇది ఆమె మీద మోపే నేరం కాదు, ఆమెకు ఇంకా ముందే అందవలసిన వైద్యం. ఎంత ముందు? కడుపున పడ్డాక సుమారు 22వ రోజున బిడ్డ గుండె కొట్టుకోవడం మొదలవుతుంది, ఎనిమిదో వారానికి గోడలు లేచిపోతాయి. పన్నెండు వారాల లోపు పేరు నమోదైతే త్వరగా వచ్చినట్టే అని మన లెక్క. ఆ పాటికి గుండె పని దాదాపు పూర్తయింది. రుబెల్లా టీకా కడుపుతో ఉండగా వేయకూడదు, కనీసం నెల ముందు వేయాలి. చక్కెర అదుపులోకి రావడానికి కూడా నెలలు పడుతుంది.

ఊళ్లో కొత్తగా పెళ్లయిన జంటల పేర్లు ఆశా కార్యకర్త దగ్గరున్న అర్హులైన దంపతుల జాబితాలో ఉంటాయి. ఇప్పుడు అది ముఖ్యంగా కుటుంబ నియంత్రణకే పనికొస్తోంది. ఆ జాబితా పట్టుకుని వెళ్లినప్పుడే పిల్లల్ని కనాలనుకునే ఆడపిల్లకు చక్కెర పరీక్ష, రుబెల్లా టీకా వివరం, మేనరికమైతే ఒక జన్యు వైద్యుడి చిరునామా అందించాలి.