ఒక తీర్పు: విమర్శనము

న్యాయస్థానముల తీర్పులును గద్యవాఙ్మయములోనివే. వానిని విమర్శకు లోనుచేయుట తప్పుగాదని మా యభిప్రాయము. 2021వ సంవత్సరము ఏప్రిల్ 27వ తేదీన సుప్రీంకోర్టు న్యాయమూర్తులు డి. వై. చంద్రచూడ్, ఎం. ఆర్. షా గార్లు వెలువరించిన తీర్పొకటి మన చదువరులు శ్రద్ధతో చదువదగినది.

2011లో ఆంధ్రదేశమున, పుట్టుకతో చూపులేని యొక షెడ్యూల్డు కులపు యువతిని, ఆమె సోదరుల స్నేహితుడే బలాత్కరించెను. ఆమె స్త్రీ, దళితురాలు, అంధురాలు. ఈ మూడును విడదీయరానివనియు, ఒకదానితో నొకటి పెనగొని యొక్క బాధగా పరిణమించుననియు తీర్పు చక్కగా వివరించినది. కన్నులు లేనంతమాత్రమున సాక్ష్యము తక్కువది కాదనుట దానికి వన్నె తెచ్చినది. అమెరికా న్యాయపండితురాలు కింబర్లీ క్రెన్‌షా 1989లో చేసిన వాదమును ఇట్టిదే: జాతివివక్షను విచారించునపుడు నల్లపురుషుడును, స్త్రీవివక్షను విచారించునపుడు తెల్లస్త్రీయు ప్రమాణమైనచో, నల్లస్త్రీ రెంటికిని వెలియగును.

అయినను తీర్పు తుదిభాగమున మాకొక వెలితి తోచినది. బలాత్కారమునకు యావజ్జీవశిక్ష నిలిచినది. షెడ్యూల్డు కులముల, తెగలపై అత్యాచారముల నిరోధక చట్టము క్రింది శిక్షమాత్రము కొట్టివేయబడినది. కులమొక్కటే కారణము కానక్కరలేదని కోర్టు అంగీకరించెను. కాని కారణములలో నొకటి యనుటకైనను సాక్ష్యము చాలదనెను. సాక్ష్యమెట్లు దొరకును? కులము పేరెత్తి తిట్టినవాడు సాక్ష్యము విడిచిపోవును. "వీరేమి చేయగలరు" అని లోలోన తలచినవాడు విడువడు. మా కాసిపేట గనులలో పనిచేయువారి కిది సులభముగా బోధపడును. బండ పగులు, నీటి ఊట, ఊతపు బలహీనత కలసి కప్పును కూల్చునపుడు, ఊట యెంత కూల్చెనో వేరుగా చూపుమని యెవరు నడుగరు.

దోషమంతయు న్యాయమూర్తులదే యనము. సందేహఫలము ముద్దాయికి చెందవలసినదే. 1989 నాటి చట్టపు మాటయే అట్టిది. 2016 జనవరి 26 నుండి "కులము కారణముగా" అనుటకు మారుగా "కులమెరిగి" అను భావము చట్టమున చేరినది. బాధితులతోగాని వారి కుటుంబముతోగాని పరిచయమున్నవానికి కులము తెలియుననియే కోర్టు భావింపవలెను. తెలియదని నిరూపించు భారము వానిదే. నేరము అంతకు పూర్వపుదగుటచే ఈ యువతి కా మేలు దక్కలేదు.

చట్టము కొంత దిద్దుకొన్నది. మన సంస్కరణసభలో? స్త్రీసమస్య కొకదినము, కులసమస్య కొకదినము, వికలాంగుల సమస్యకు మరియొకదినము కేటాయించి, ఉపన్యాసములైన పిదప లేచిపోవుచున్నవి. అట్టి యువతి యేనాటి సభకు రావలెను?